యారాలి వంటిల్లు లాంటి వంటిల్లు

మా గల్లీలో విమలాదేవిని ఓర్వలేని మనిషి అంటారు. అనేవాళ్ళు ఆమె ఇంట్లో పండగకు పులిహోర తిని, చేతులు కడుక్కుని, గుమ్మం దాటాక అంటారు. నేను ఆమె ఎదురింట్లో ఉంటాను. సైదాబాద్ నుంచి గౌలిపురాకు ఆమె కొత్త కోడలిగా వచ్చినప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి వాళ్ళకంటే నాకు కొంచెం ఎక్కువ తెలుసు. ఓర్వలేనితనం ఉన్న మాట నిజమే. పక్కింటివాళ్ళు పరదాలు మారిస్తే ఆ రోజు ఆమెకు అన్నం సయించదు. కానీ ఆమె కడుపుమంటలో దాపరికం లేదు, మొహంలోనే కనిపిస్తుంది. పైకి నవ్వుతూ మెచ్చుకుని లోపల కుళ్ళిపోయేవాళ్ళకంటే ఆమే నయమని నాకనిపిస్తుంది.

భర్త ఈశ్వరయ్య, మరిది మహేందర్ కలిసి బేగంబజార్‌లో తాళ్ళు, సుతిలీ దారం, గోనెసంచులు టోకున అమ్ముతారు. దుకాణం ఒకటే. ఇల్లు మాత్రం మామగారు పోయాక రెండయింది. పెద్దవాడు పడమట ఉండాలి, చిన్నవాడు తూర్పున ఉండాలి అని వాస్తు చూసే ఆయన చెప్పాడు. మా దగ్గర అన్నదమ్ములు అలాగే పంచుకుంటారు, ఎవరూ ఎదురు చెప్పరు. విమలాదేవి కూడా చెప్పలేదు. ఏం పోయిందో ఆమెకు గోడ లేచాక తెలిసింది. ఇంటి వెనక నడిమధ్యలో ఉన్న పాత వంటిల్లు ఆమె వాటాకే వచ్చింది. కానీ దానికి ఉన్న ఒకే ఒక్క కిటికీ తూర్పు గోడకు ఉండేది, ఆ గోడ ఉన్న వరసలోనే పంపకాల గోడ లేచింది. కిటికీ ఉన్నచోట ఇటుకలు పేర్చి పూసేశారు. ఎండంతా యారాలి వాటాకు పోయిందని ఆమె నాతో ఎన్నిసార్లు అన్నదో. యారాలంటే తోడికోడలే, మేమిక్కడ అలా అంటాం.

కిటికీ పోయినా ఆ వంటింట్లో పని జరుగుతూనే ఉండేది. గోడలకు తెల్ల సున్నం, కింద లేత రంగు షాబాద్ బండలు, వెనక పెరటి తలుపు. ఆ తలుపులోంచి వచ్చే కాస్త వెలుతురు గోడలకూ నేలకూ తగిలి గదంతా పరుచుకునేది. అల్మారాలకు తలుపులు లేవు, డబ్బాలు బయటికే కనిపించేవి. చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండేది కాదు గానీ ఉప్పు డబ్బా ఎక్కడుందో, పంచదార డబ్బా ఎక్కడుందో అందరికీ కనిపించేది.

ఆ నేలలో పొయ్యి పక్కన మిగతావాటికంటే పెద్ద బండ ఒకటి ఉండేది. అత్తగారు సావిత్రమ్మకు ముందు, ఆమె అత్తగారు కింద కూర్చుని వండుకున్న బండ అది. కూర్చునే చోట కొంచెం గుంట పడి నున్నగా ఉండేది. గ్యాసు వచ్చి గట్టు కట్టించుకున్నాక రోజువారీ వంట పైకెక్కింది గానీ, ఆషాఢంలో అమ్మవారికి బోనం మాత్రం ఆ బండ మీదే. చిన్న స్టవ్ కింద పెట్టి, కొత్త కుండలో పాలు, బెల్లం, బియ్యం ఉడికించి, దించి, ఆ బండ మీదే పెట్టి పసుపు కుంకుమలు పూసి వేపాకు కట్టేవాళ్ళు. ఇల్లు రెండయినా బోనం ఒకటే. ఎవరి ఇంట్లో వండితే ఆ ఇంటి ఇల్లాలు తలకెత్తుకోవాలి, అది వాళ్ళ ఆనవాయితీ. అంటే విమలాదేవి ఎత్తుకునేది, ఆమె వెనక యారాలు హరిచందన పసుపు పళ్ళెం పట్టుకుని నడిచేది. ఆ ఆదివారం విమలాదేవిని చూడాలి. నడుం నిటారుగా, కుండకు చెయ్యి కూడా ఆనించకుండా నడిచేది. ఏడాది పొడవునా అందరి మీదా పడి ఏడ్చే మనిషి ఆ ఒక్క రోజు ఎవరినీ చూసి ఏడ్చేది కాదు.

మొన్న ఉగాదికి ముందు హరిచందన తన వంటిల్లు కొత్తగా చేయించుకుంది. ఆమె నెమ్మదైన మనిషి. గ్రానైట్ ముక్క, టైలు ముక్క, అల్మారా తలుపులకు అతికించే సన్‌మైకా ముక్క దుకాణాల నుంచి తెచ్చుకుని, తన వంటింటి కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టుకుని చూసేది. పొద్దున ఎండలో ఎలా ఉన్నాయి, సాయంత్రం బల్బు వేస్తే ఎలా ఉన్నాయి అని చాన్నాళ్ళు చూసింది. ఒకటి బాగుంటే పక్కది దాన్ని మింగేస్తోందని తిరిగి ఇచ్చేసేది. చివరికి ముదురాకుపచ్చ అల్మారాలు, నల్ల గ్రానైట్ గట్టు, కింద ముదురు బూడిదరంగు టైల్స్ తేల్చుకుంది. చెప్తే చీకటి గుహలా అనిపిస్తుంది గానీ, తూర్పు గోడకున్న వెడల్పాటి కిటికీలోంచి ఎండ పడితే ఆ ఆకుపచ్చ తడిసిన మామిడాకులా ఉండేది. చూసిన నాకే అలాంటిది ఉంటే బాగుండుననిపించింది. ఇక విమలాదేవి సంగతి చెప్పాలా?

ఆమె ఆ రోజు చూసి, బాగుంది అని ఒక్క మాట అనేసి, తలనొప్పిగా ఉందని ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరొచ్చినా యారాలి వంటింటి గొప్పలే చెప్పేవాళ్ళు. అంతవరకు ఓర్చుకుంది. ఉగాది రోజు ఆడబిడ్డ మహేశ్వరి కిషన్‌బాగ్ నుంచి వచ్చింది. హరిచందన వంటింట్లో నిలబడి, గ్రానైట్ మీద చెయ్యి రాస్తూ తల్లితో ఒక మాటంది.

"అమ్మా, ఈసారి బోనం గిండ్లనే వండుకుంటే ఏమైతది? మంచిగ వెలుతురున్నది."

సావిత్రమ్మ ఔననలేదు, కాదనలేదు. పచ్చడి గిన్నె అందుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయింది. ఆమె కాదనకపోవడమే విమలాదేవిని నిలువునా కాల్చింది. సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చుని, నేనిచ్చిన చాయ్ చల్లారబెట్టుకుంది. ఇల్లు సగం పోయింది, ఎండ పోయింది, ఇప్పుడు బోనం కూడా గోడ దాటిపోతోంది అంది. నేను ఏదో సర్ది చెప్పబోయాను. ఆమె వినలేదు.

"నా వంటిల్లు గూడ అట్లనే చేపిస్త. అచ్చం అట్లనే. అప్పుడు ఎవరేమంటరో చూస్త."

వేరే రంగులు ఎందుకు చూసుకోకూడదు అని అడిగాను. దానికి ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. వేరేగా చేయిస్తే రెండింటినీ పోలుస్తారు, పోలిస్తే ఒకటి తక్కువవుతుంది. ఒకేలా ఉంటే తక్కువని ఎవరూ అనలేరు, అప్పుడు పెద్దకోడలి వంటిల్లే పెద్దదవుతుంది. వినడానికి బాగానే ఉంది. కడుపుమంటకు ఎప్పుడూ లెక్క చక్కగానే కుదురుతుంది.

ఈశ్వరయ్య మొదట గొణిగాడు. ఇంట్లో రెండు పూటలా ఉప్పెక్కువైన పప్పు తిన్నాక ఒప్పుకున్నాడు. నన్ను వెంటబెట్టుకుని ఆమె చాంద్రాయణగుట్ట రోడ్డు మీది టైల్స్ దుకాణాలకు వెళ్ళింది. ఒక దుకాణం ఆయన ఓపికున్నవాడు, ఆమె అడిగినవన్నీ తీసి చూపించాడు. నల్ల గ్రానైట్, ముదురు టైల్స్, ముదురాకుపచ్చ సన్‌మైకా మూడూ ఒకే వంటింటికని తెలిశాక కొంచెం ఆగి, "భాభీ, కిచన్‌మే రోష్నీ అచ్ఛీ ఆతీ క్యా?" అని అడిగాడు, వెలుతురు బాగా వస్తుందా అని. విమలాదేవి కొంచెం కూడా తడుముకోలేదు.

"బహుత్ ఆతీ. పెద్ద కిటికీ ఉన్నది."

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. అప్పుడు ఆమె కళ్ళ ముందు ఉన్నది హరిచందన వంటిల్లే, అందులో కిటికీ ఉంది మరి. అబద్ధమాడానని కూడా ఆమెకు తెలియలేదనుకుంటాను.

మూడు రకాల ముక్కలూ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. ఆ తర్వాత వారం రోజులు హరిచందన ఇంటికి ఆమె రాకపోకలు పెరిగాయి. కరివేపాకు కావాలని ఒకసారి, కుక్కర్ విజిల్ ఇరుక్కుపోయిందని ఒకసారి. హరిచందన పెరట్లోకి వెళ్ళగానే కొంగు చాటునుంచి ముక్క తీసి గట్టుకు ఆనించి చూసేది, అల్మారా తలుపుకు ఆనించి చూసేది, వంగి నేల మీద పెట్టి చూసేది. సన్‌మైకా ఒక పాలు లేతగా ఉందని వెనక్కి పంపి వేరేది తెప్పించింది. చివరికి మూడూ అచ్చుగుద్దినట్టు కలిశాయని నాతో చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది. తన వంటింట్లో మాత్రం వాటిని ఒక్కసారి కూడా పెట్టి చూసుకోలేదు. ఎందుకు చూసుకుంటుంది? ఆమె తన వంటింటికి కొనడం లేదు కదా, హరిచందన వంటింటిని కొంటోంది.

వేసవిలో పని మొదలైంది. దుమ్ముకు దగ్గొస్తోందని సావిత్రమ్మ బట్టల సంచీ తీసుకుని కిషన్‌బాగ్‌లో కూతురింటికి వెళ్ళింది. మిగతావాళ్ళకు వంట, తిండి అంతా హరిచందన ఇంట్లోనే. యారాలి చేతి కూర తిని రావడం విమలాదేవికి నామోషీగా ఉండేది, అయినా కొద్ది రోజులే కదా అని ఓర్చుకుంది. మేస్త్రీ ప్రేమ్‌రాజ్ పాత గట్టు పగలగొట్టాడు, నేల తవ్వాడు. పెద్ద బండ దగ్గరికి వచ్చేసరికి పలుగు ఆపి, దీని చుట్టూ టైలు కోసి పెట్టొచ్చు, ఉంచమంటారా అని అడిగాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. విమలాదేవి ఆ బండను చూసింది, చేతిలోని టైలును చూసింది.

"తీసెయ్. కలర్ కలుస్తలేదు."

హరిచందన మేస్త్రీలకు చాయ్ తెచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసులు కింద పెట్టి, కొంచెం ఆగి అడిగింది.

"అక్కా, బండ పడేస్తున్నరా? నాకియ్యరాదు."

"తీస్కో. నాకేం పని దానితోటి."

బండను ఇద్దరు మనుషులు మోసుకెళ్ళి గోడ అవతల దించారు. ఆ రోజంతా విమలాదేవి సంతోషం పట్టలేకపోయింది. ఇన్నాళ్ళకు యారాలు తన దగ్గర చెయ్యి చాపింది, తను పారేసింది ఏరుకుంది, బట్టలుతికే చోట వేసుకుంటుందేమో పాపం అని మురిసిపోయింది. మరి బోనం ఎట్లా అని అడిగాను. ఆమె నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసి, బండలో ఏముంది, గట్టు మీద వండుతాను, వంటిల్లు నాదే కదా అంది. నాకు ఒళ్ళు మండింది గానీ, అంత సంతోషంలో ఉన్న మనిషిని ఏమనను? నిజం చెప్పాలంటే, అంతకుముందు ఆమెను అంత సంతోషంగా బోనాల రోజు తప్ప ఎప్పుడూ చూడలేదు.

ఆషాఢం దగ్గరపడే వేళకు పని పూర్తయింది. గట్టు మీద నల్ల గ్రానైట్, కింద ముదురు టైల్స్, చుట్టూ ఆకుపచ్చ అల్మారాలు. పక్కింటి కొలతే, అవే రంగులు, పిడులు కూడా అవే. లోపలికి అడుగుపెడితే సినిమా మొదలయ్యాక హాల్లోకి వెళ్ళినట్టుంది. పెరటి తలుపు వెలుతురు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. దాన్ని పట్టుకుని ముందుకు పంపడానికి తెల్ల గోడా లేదు, లేత నేలా లేదు. ఆకుపచ్చ నల్లగా ఉంది, బూడిదరంగు నల్లగా ఉంది, నలుపు సంగతి సరే సరి.

విమలాదేవి ట్యూబ్‌లైట్ వేయించింది. సరిపోలేదు, ఇంకొకటి వేయించింది. లైటు వేస్తే గ్రానైట్ మీద లైటే కనిపించేది గానీ ఆవాలు కనిపించేవి కావు. చింతపండు గింజ మిగిలిందో లేదో వేళ్ళతో తడిమి చూసుకునేది. ఒకరోజు ఈశ్వరయ్య మంచినీళ్ళకు వెళ్ళి అల్మారా తలుపుకు తల కొట్టుకుని, ఇది వంటిల్లా గోదామా అన్నాడు. ఆ రాత్రి ఆయనకు మళ్ళీ ఉప్పెక్కువైన పప్పే దొరికింది. రంగు కొత్తది కదా, కొన్నాళ్ళకు విరుగుతుంది అని ఆమె నాతో అంది. నేను తలూపాను. తలూపక ఏం చేస్తాను, ఆమె కళ్ళ చుట్టూ నలుపు కనిపిస్తూనే ఉంది.

ఆమె తప్పంతా ఆ రంగుల మీద వేసి ఉంటే బాగుండేది. వేయలేదు. హరిచందన తనకు చెప్పకుండా ఏదో చేయించిందనీ, గ్రానైట్‌కు ఏదో పాలిష్ పట్టించిందనీ అనుమానపడింది. దుకాణానికి ఫోన్ చేసి దెబ్బలాడింది. కిటికీ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. కిటికీ కొనడానికి ఏ దుకాణంలోనూ దొరకదని ఆమెకు తెలుసు.

బోనాల ఆదివారం వచ్చింది. పొద్దున్నే గల్లీలో డప్పులు, వేపకొమ్మల వాసన. ఏటా లాగే వేపాకు కట్టడానికి నేనూ వెళ్ళాను. విమలాదేవి తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, కొత్త కుండను కడిగి గట్టు మీద పెట్టుకుంది. రెండు ట్యూబ్‌లైట్లూ వేసింది. తల్లిని తీసుకుని కిషన్‌బాగ్ నుంచి వచ్చిన మహేశ్వరి ముందుగా లోపలికి వచ్చింది. అత్తగారి కోసం అందరం ఎదురుచూస్తున్నాం. పని మొదలయ్యాక సావిత్రమ్మ ఆ వంటింట్లోకి రావడం అదే మొదలు.

ఆమె ఎండలోంచి వచ్చి గుమ్మంలో ఆగింది. లోపల నేల ఎక్కడుందో ఆమెకు తెలియలేదు. ఒక చెయ్యి తలుపుకు ఆనించి, కుడికాలు ముందుకు చాపి, పొయ్యి పక్కన నేలను పాదంతో తడిమింది. అటు కొంచెం, ఇటు కొంచెం. నున్నటి టైలు తప్ప ఏమీ తగల్లేదు.

"బండేది విమలా?"

మా ఇంట్లో ఉంది అత్తమ్మా అని హరిచందన నెమ్మదిగా చెప్పింది. గట్టు మీదే వండుతాను అత్తమ్మా, అంతా కొత్తదే, శుభ్రంగా ఉంది అని విమలాదేవి గబగబా చెప్పడం మొదలుపెట్టింది. సావిత్రమ్మ అంతా విన్నది. ఆమెకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది.

"మా అత్త బండ అది. కుండ దాని మీదనే పెట్టాలె. బండ యాడుంటే ఆడనే బోనం."

కుండ పట్టుకుని అందరం గోడ చుట్టూ తిరిగి అవతలి ఇంటికి వెళ్ళాం. నేను బట్టలుతికే చోట చూశాను, అక్కడ లేదు. బండ హరిచందన వంటింట్లో ఉంది. విమలాదేవి ఇంటి పని పూర్తయి రాకపోకలు తగ్గాక, పొయ్యి దగ్గర నాలుగు టైల్స్ తీయించి, వాటి స్థానంలో దాన్ని కూర్చోబెట్టించింది. గుంట పడిన వైపు సరిగ్గా మనిషి కూర్చునే చోటికి వచ్చింది. కిటికీలోంచి పడిన ఎండ ఆ లేత రాతి మీద పరుచుకుని, చుట్టూ ఉన్న ముదురు రంగులన్నీ దానికోసమే చేసినట్టున్నాయి. ఆ వంటింటికి అంతకుముందు ఏదో తక్కువగా ఉండేదని ఇప్పుడు తెలిసింది. విమలాదేవి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆమె మొహం చూడలేక నేను వేపాకు పనిలో పడ్డాను.

"నువ్వే కూసో అక్కా, నువ్వే వండు" అంది హరిచందన. మర్యాదకే అంది. సొంత బోనానికి చుట్టంలా పిలవడం కంటే ఘోరం ఏముంటుంది? విమలాదేవి తల అడ్డంగా ఊపింది. హరిచందన బండ మీద కూర్చుని కుండలో పాలు పోసింది. విమలాదేవి పక్కన నిలబడి బెల్లం అందించింది. ఎక్కడ మంట తగ్గించాలో, ఎప్పుడు కలపాలో ఆమె చేతులకు తెలుసు. బెల్లం ఇచ్చేశాక ఆ చేతులు కొంగు పట్టుకుని ఊరికే ఉన్నాయి.

వండి, దించి, బండ మీద పెట్టి, పసుపు పూశారు. నేను వేపాకు కట్టాను. సావిత్రమ్మ బట్టతో చుట్ట చేసి హరిచందన తల మీద పెట్టింది. కుండ ఎత్తి తల మీద పెట్టాల్సింది పెద్దకోడలు. విమలాదేవి రెండు చేతులతో కుండ ఎత్తింది. ఎత్తి, అక్కడే ఆగింది. ఇద్దరి మొహాలూ జానెడు దూరంలో ఉన్నాయి. హరిచందన కళ్ళు దించుకుని చాలా మెల్లగా మాట్లాడింది.

"ఆ బండ మీద నాకు పెండ్లయినకాడ్నుంచి కన్నుండె అక్కా. అడుగనీకి ధైర్యం లేకుండె. నువ్వే తీస్కో అన్నవు."

పారేసింది ఏరుకుందని మురిసిన రోజు విమలాదేవికి గుర్తొచ్చే ఉంటుంది.  అరుస్తుందేమో, కుండ కింద పెట్టేస్తుందేమో అని నేను భయపడ్డాను. మహేశ్వరి ఒక అడుగు ముందుకు కూడా వేసింది.

"నాకు నీ కిటికీ మీదుండె" అంది విమలాదేవి.

అని, కుండను యారాలి తల మీద చక్కగా కూర్చోబెట్టి, పక్కకు ఒరగకుండా చుట్ట సరిచేసి, చేతులు తీసేసింది. డప్పులు గుమ్మం ముందుకు వచ్చాయి. సావిత్రమ్మ పసుపు పళ్ళెం తీసి ఎవరికివ్వాలా అని చూస్తుంటే విమలాదేవే చెయ్యి చాపి అందుకుంది.

గల్లీ మలుపు దాకా నేను వాళ్ళ వెనకే నడిచాను. హరిచందన ముందు, ఆమె వెనక విమలాదేవి. తిరిగి చూస్తే, ఆ మలుపు నుంచి కనిపించే పెద్దవాళ్ళ పెరట్లో, పట్టపగలు, వంటింటి తలుపులోంచి రెండు ట్యూబ్‌లైట్లు వెలుగుతూ కనిపించాయి. ఆర్పడం మరిచిపోయింది. చెప్దామని ఆమె పక్కకు వెళ్ళాను గానీ ఆమె నన్ను చూడలేదు. పళ్ళెం పట్టుకుని నడిచే మనిషికి ముందు మనిషి తల మీది కుండ తప్ప ఇంకేమీ కనిపించదు. హరిచందన ఇన్నేళ్ళూ ఆ కుండను చూస్తూనే నడిచింది.